ఒక మిషన్‌కు ఒకే ఆటగాడు

పదేళ్లుగా మీ చేతికి అలవాటైన పనిముట్టును ఎవరైనా తీసుకుని, దాని చోట అంతకంటే మెరుగైనదాన్ని పెట్టి, "ఇంకా ఎందుకు సందేహిస్తున్నారు?" అని అడిగితే, మీరు కారణం చెప్పగలరా? చెప్పలేకపోతే మీ సందేహం తప్పని తేలినట్లేనా?

తేలినట్లేనని నేను ఒకప్పుడు వాదించాను. చాలా బాగా వాదించాను. ఆ వాదనలో గెలిచాను కూడా.

ఉద్యోగ జ్ఞాపకాలు సాధారణంగా పదవీ విరమణ చేసినవారు రాస్తారు. నాకింకా ముప్ఫై నిండలేదు. అయితే ఆ పని నుంచి నేను తప్పుకుని ఆరేళ్లవుతోంది, ఆ పని కూడా మా ఊళ్ల నుంచి దాదాపుగా తప్పుకుంది. కళాశాలల్లో వాదోపవాద పోటీలకు తయారవుతున్నవారికి, మొదటి ఉద్యోగంలో అడుగు పెట్టబోతున్నవారికి ఈ ఒక్క సంగతి చెప్పేపాటి అర్హత నాకుందనుకుంటాను. గెలిచినవాళ్ల అనుభవాలు మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది కూడా గెలిచిన అనుభవమే, కాకపోతే వేరే రకం.

హిందూపురంలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉండేది. దాని యజమాని మా డిగ్రీ కళాశాలకు బహుమతులు పంచడానికి వచ్చారు. యంత్రం మనిషిని సోమరిని చేస్తుందా అనేది ఆనాటి అంశం. చేయదని నేను మాట్లాడాను. బహుమతి చేతికిస్తూ ఆయన అడిగారు.

"శానా బాగా మాట్లాడినావమ్మా. ఆ పక్క మాట్లాడమన్నా ఇట్లనే మాట్లాడుతావా?"

"మాట్లాడను సార్. నమ్మినదే మాట్లాడతాను."

"అట్లయితే నాకాడ ఒక మిషన్ ఉండాది. నమ్మేదాకా ఇంట్లో పెట్టుకో. నమ్మితే వచ్చి ఉద్యోగంలో చేరు."

బెంగుళూరు కంపెనీ ఒకటి ఆయనకు అమ్మకానికిచ్చిన కొత్త గేమ్ మిషన్ అది. అప్పటికి మా ఊళ్లలో క్యాసెట్ పెట్టి ఆడే చిన్న టీవీ గేములు ఇళ్లలోనూ, నిలువెత్తు పెట్టె మిషన్లు డబ్బిచ్చి ఆడే గేమ్ పార్లర్లలోనూ ఉండేవి. ఇది సీడీతో నడిచేది. బొమ్మలు సినిమాలోలా కదిలేవి. రెండు చేతుల్లో ఇమిడే రిమోట్ పట్టుకుని ఆడాలి. మా ఇంట్లో మూడు రోజులు దాన్ని టీవీకి తగిలించి కూర్చున్నాను. మా అవ్వ మంచం మీది నుంచి చూస్తూ, "నువ్వు ఒత్తితే వాడు తంతాండాడా? పాపం, ఆ ఎదురోడు నిన్ను ఏం చేసినాడే?" అంది. మా నాయన పేపరు దించి, "అది ఆట కదమ్మా" అన్నాడు. "ఆటయితే ఇది ఒక్కతే ఎందుకు ఆడుకుంటాంది?" అని అవ్వ తిరిగి అడిగింది. ఆ ప్రశ్నను నేను పట్టించుకోలేదు. నాలుగో రోజుకు నాకు నమ్మకం కుదిరింది. దుకాణంలో చేరాను.

యజమాని పెట్టిన షరతు సూటిగా ఉంది. ఆరు నెలలు చూస్తారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ల పార్లర్లలో పాత పెట్టెలు తీయించి కొత్త మిషన్ పెట్టించగలిగితే ఉద్యోగం ఖాయం. లేకపోతే నమస్కారం. మా కుటుంబంలో అంతవరకు ఏ ఆడపిల్లా నెల జీతానికి బయట పని చేయలేదు. "ఆరు నెలలు చూద్దాం" అని మా నాయన కూడా అన్నాడు. ఆ తర్వాత ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. దుకాణంలో ఒక గడువు, ఇంట్లో ఒక గడువు. రెండూ ఒకే రోజున ముగుస్తాయి.

హిందూపురం పార్లర్ రెండు వారాల్లో ఒప్పుకుంది. పెనుకొండలో బస్టాండు దగ్గరి పార్లర్ నెలకు ఒప్పుకుంది. అక్కడ బాగా ఆడే డిగ్రీ విద్యార్థి ఒకడు కొత్త మిషన్ మీద వారంలోనే పాతదాని మీదకంటే బాగా ఆడసాగాడు. నా వాదనకు సాక్షి దొరికాడనుకున్నాను. ధర్మవరం మాత్రం కదలలేదు.

అక్కడి పార్లర్ యజమాని ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన ముస్లిం పెద్దాయన. అందరూ ఆయన్ని మామూ అనేవారు. ఆయన దగ్గర నాలుగు పెట్టెలున్నాయి. నేను తెచ్చిన మిషన్‌ను ఆయన తిప్పి తిప్పి చూసి, తలుపు పక్కనున్న పెట్టె వైపు చెయ్యి చూపించాడు.

"నాతో మాట్లాడి ఏం లాభం లేదమ్మా. కొట్లాట ఆట కాడ ఇద్దరు కూర్చోనుండారు చూడు. వాళ్లు కూర్చుంటే జనం కూర్చుంటారు. వాళ్లు లేస్తే జనం లేస్తారు. వాళ్లను ఒప్పిచ్చు."

ఆ ఇద్దరూ నేత పనివాళ్లు, బావా బామ్మర్దులు. బావకు ముప్ఫై దాటి ఉంటాయి, బామ్మర్దికి ఇరవై అయిదు లోపు. మూడు ఊళ్లలో వాళ్లను ఓడించినవాడు లేడు. కానీ వాళ్లు ఆడే తీరు నేను ఎక్కడా చూడలేదు. పెట్టె ముందు పలక మీద ఎడమ పక్కన ఒక కర్ర, కుడి పక్కన ఆరు బటన్లు ఉంటాయి. కర్రతో బొమ్మను నడిపించాలి, బటన్లతో దెబ్బ కొట్టించాలి. ప్రపంచమంతా ఈ రెండూ ఒక్క మనిషే చేస్తాడు. వీళ్లు ఒకే బల్ల మీద భుజం భుజం ఆనించి కూర్చునేవారు. కర్ర బావది, బటన్లు బామ్మర్దివి. ఇద్దరూ కలిసి ఒకే బొమ్మ.

ఆట గురించి వాళ్లు ఒక్క మాట కూడా మాట్లాడుకునేవారు కాదు. మాటలు మాత్రం ఆగేవి కావు.

"నిన్న మీ అక్క చేసిన ఉగ్గాని తిన్యావా?"

"తిన్యా. ఉప్పెక్కువైంది."

"ఆ మాట మీ అక్కకు చెప్పు పోయి."

"నాకేం కర్మ? నీ పెండ్లాం, నువ్వే చెప్పు."

"చెప్పినా కదప్పా. మా తమ్ముడు బాగుందన్నాడు, నీ నాలికే చెడిపోయిందనె."

ఈలోపు తెర మీద ఎదుటి బొమ్మ నేలకూలేది. వెనక నిలబడ్డ పది పన్నెండు మంది ఒక్కసారిగా అరిచేవారు. సగం అరుపు ఆటకు, సగం ఆ బొరుగుల ఉగ్గానికి.

అది వాళ్లకు మగ్గం నేర్పిన పద్ధతి. నడుమ ఒక రంగు, అంచుకు వేరే రంగు వేసే పట్టుచీరకు గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు పేక నూలు మోసే నాడెను నడుమ విసురుతారు, రెండోవారు అంచు నాడె అందిస్తారు. చూసుకోరు, చెప్పుకోరు. చెయ్యి చాపేసరికి నాడె అక్కడ ఉండాలి. ఏళ్లుగా అలా నేసినవాళ్లు బల్ల మీద కూర్చున్నా అలాగే కూర్చుంటారు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ రోజు నాకు కనిపించింది మాత్రం ఒక లోపం, దాన్ని సరిదిద్దాల్సిన నేను.

వాళ్ల ముందు కొత్త మిషన్ పెట్టి రిమోట్ ఇచ్చాను. ఎడమ సగం బావ పట్టుకున్నాడు, కుడి సగం బామ్మర్ది పట్టుకున్నాడు.

"ఏం బావా, నీ మోచెయ్యి నా పక్కలో పొడుస్తాండాది."

"నా చెయ్యి కాదప్పా, నీ పొట్టే అడ్డమొస్తాండాది."

"ఒక దిండు మీద రెండు తలకాయలు పెట్టినట్ల ఉండాది మీ యవ్వారం," అని మామూ నవ్వాడు. పార్లరంతా నవ్వింది. నేను నవ్వలేదు.

"ఒక్కొక్కరు ఆడి చూడండి. ఇది ఒక్కరికోసం చేసినది," అన్నాను.

"ఒక్కడు ఆడితే ఆటేముందమ్మా?" అన్నాడు బావ.

"సరే, ఒక ప్రశ్న. మీరు గెలిచినప్పుడు మీ ఇద్దరిలో గెలిచింది ఎవరు?"

బావ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"గెల్చేది బొమ్మ కదమ్మా."

మళ్లీ నవ్వులు. ఆ జవాబును నేను మూర్ఖత్వమని లెక్కవేసి, హిందూపురం రైలెక్కాను.

మా దుకాణంలో నడివయసు మెకానిక్ ఒకాయన ఉండేవాడు. పాత పెట్టెలు బాగుచేయడంలో ఆయనకు సాటి లేరు. నేను సంగతి చెబుతుంటే సోల్డరింగ్ పక్కన పెట్టి విన్నాడు.

"దీనికి అంత తిరుగులాట ఎందుకమ్మా? రిమోట్ విప్పి, లోపలి తీగలు బయటికి లాగి, పాత పెట్టెలోని కర్రా బటన్లూ ఒక చెక్క పలక మీద బిగిస్తే సరిపాయె. ఒక పూట పని. ఇద్దరూ హాయిగా కూర్చుంటారు."

యజమాని నా వైపు చూశారు. "ఏమంటావు?"

ఆయన నన్ను అడగడమే నాకు గౌరవంగా తోచింది. లేచి నిలబడి మూడు కారణాలు చెప్పాను. రిమోట్ విప్పితే కంపెనీ గ్యారంటీ పోతుంది. ఒక ఊరికి ఒకలా, మరో ఊరికి మరోలా ఇస్తే పోటీలో సమానత్వం ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆటగాడు యంత్రాన్ని నేర్చుకోవాలి గాని ప్రతి ఆటగాడి అలవాటుకూ యంత్రం వంగకూడదు.

మెకానిక్ తల ఊపాడు. "బాగుండాయమ్మా నీ పాయింట్లు. వాటికి నాకు జవాబు రాదు. అయితే నాకు జవాబు రాకపోతే నువ్వు చెప్పింది నిజమైపోతాదా?"

"వాదనలో అంతే కదండీ," అన్నాను.

యజమాని నా పక్షాన తీర్పు ఇచ్చారు.

అక్కడి నుంచి ప్రతి బుధవారం ప్యాసింజర్ రైల్లో, భుజాన మిషన్ సంచితో, హిందూపురం నుంచి ధర్మవరానికి నా ప్రయాణం. సీటు దొరికినా కూర్చోలేకపోయేదాన్ని. తలుపు దగ్గర నిలబడి, రాబోయే మాటలకు జవాబులు కట్టుకుంటూ, కట్టినవి విప్పుకుంటూ వెళ్లేదాన్ని. పెనుకొండలో రైలు ఆగినప్పుడల్లా దిగి ప్లాట్‌ఫాం మీద రెండడుగులు నడిచి మళ్లీ ఎక్కేదాన్ని. నాలుగు నెలలు గడిచాయి. అయిదో నెల మొదలైంది. మా నాయన రోజూ ఏమీ అడగకుండా నా ముఖం చూసేవాడు.

జట్టుగా వాదించే పోటీల్లో నాకు తెలిసిన ఒక ఉపాయం ఉంది. ప్రత్యర్థులు ఇద్దరైనప్పుడు వాళ్ల మాటలను కాదు, ఆ ఇద్దరి మాటల మధ్యనున్న సందును వెతకాలి. మొదటివాడు చెప్పినదానికి రెండోవాడు పూర్తిగా కట్టుబడి లేడని చూపిస్తే చాలు, జట్టు తనంతట తానే కూలుతుంది. ఆ విద్యతో నేను అయిదు కప్పులు గెలిచాను. ఆరోసారి దాన్ని ధర్మవరం రైల్వే స్టేషన్ బయటి టీ కొట్టు దగ్గర వాడాను.

బామ్మర్ది ఆ రోజు ఒంటరిగా దొరికాడు. రిమోట్ మీద అతనికి ఆసక్తి ఉందని అప్పటికే గమనించాను. బావ లేచి వెళ్లినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని, బావ రాగానే పెట్టేసేవాడు.

"మీకో మాట చెప్పనా? కర్ర కదపడం దారి చూపడం లాంటిది. దెబ్బ కొట్టేది మీ వేళ్లు. కానీ మిమ్మల్ని అందరూ ఏమంటారు? బావ జట్టు అంటారు. మీ పేరు ఎవరికైనా తెలుసా?"

అతను టీ గ్లాసును అరచేతుల మధ్య తిప్పాడు.

"నిజంగా అట్లుంటాదా అక్కా?"

"ఒక్కరే ఆడి చూసుకోండి. మీకే తెలుస్తుంది."

అతని బొటనవేళ్లు గ్లాసు మీద బటన్లు ఒత్తినట్లు కదిలాయి. సందు తెరుచుకుందని నాకు తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఆ రోజు మొదటిసారి సీట్లో కూర్చున్నాను.

యజమానిని ఒప్పించి, చూపించడానికని మాకిచ్చిన మిషన్‌ను అతనికి మూడు వారాలు వాడుకోవడానికి ఇచ్చాను. మధ్యాహ్నం తిండి అయ్యాక మగ్గానికి కాస్త విరామం ఉంటుంది. ఆ విరామంలో అతను స్నేహితుడి ఇంట్లో ఆడేవాడు. విరామం పెరుగుతూ పోయింది. తర్వాతి బుధవారం పార్లర్‌లో బావ ఒక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆడడం లేదు. నన్ను చూసి మర్యాదగా జరిగాడు.

"మీ మిషన్ బాగుండాదంటమ్మా. మా వాడే బాగలేడు. అంచు నాడెకు చెయ్యి చాపితే ఉత్త చెయ్యి వస్తాంది."

"కొత్త విద్య కదండీ, సర్దుకుంటారు," అన్నాను. ఆ మాట అప్పుడెంత తేలిగ్గా వచ్చిందో ఇప్పుడు రాస్తుంటే అంత బరువుగా ఉంది.

ఆరో నెలలో యజమాని దుకాణం మేడ మీది హాల్లో ఒక ఆదివారం పగటిపూట పోటీ పెట్టారు. మూడు ఊళ్ల ఆటగాళ్లు కొత్త మిషన్ మీద అదే కొట్లాట ఆట ఆడాలి. గెలిచినవారికి కొత్త మిషనే బహుమతి. బెంగుళూరు నుంచి కంపెనీ అధికారి ఒకాయన వచ్చారు. ధర్మవరం నుంచి మామూ వచ్చాడు, ఆ రోజు చూసి తేల్చుకుంటానన్నాడు. నియమాల కాగితం నేనే రాసి గోడకు అంటించాను. మొదటి నియమం: ఒక మిషన్‌కు ఒకే ఆటగాడు.

బామ్మర్ది తన పేరొక్కటే నమోదు చేయించుకున్నాడు. బావ కూడా అదే రైల్లో వచ్చాడు. చేతిలో చిత్రాన్నం క్యారియర్. "వాడు పొద్దున ఏం తినలేదమ్మా," అని నాకు సంజాయిషీ చెప్పుకున్నట్లు చెప్పి వెనక వరుసలో కూర్చున్నాడు.

చివరికి పెనుకొండ విద్యార్థి, ధర్మవరం బామ్మర్ది మిగిలారు. మూడు ఆటల్లో రెండు గెలవాలి. మొదటి ఆటలో బామ్మర్ది చిత్తుగా ఓడిపోయాడు. అతని వేళ్లు తడబడ్డాయి. ఆట మధ్యలో రెండుసార్లు తల ఎడమ పక్కకు తిప్పాడు. అక్కడ కిటికీ తప్ప ఏమీ లేదు.

అప్పుడు మెకానిక్ కింది నుంచి పైకి వచ్చాడు. చేతిలో ఒక చెక్క పలక. ఎడమ పక్కన కర్ర, కుడి పక్కన ఆరు బటన్లు, వెనక నుంచి వేలాడుతున్న తీగ. ఎవరికీ చెప్పకుండా తయారుచేశాడు.

"ఒక్క ఆట ఇద్దరినీ కూర్చోనీండమ్మా. అందరూ చూడనీ."

హాలంతా అరిచింది. "కూర్చోనీండి! కూర్చోనీండి!" వెనక వరుసలో బావ సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

అధికారి నా వైపు తిరిగారు. "రూల్సు రాసింది నువ్వే కదమ్మా. నువ్వే చెప్పు."

నేను నోరు తెరిచేలోపే పెనుకొండ విద్యార్థి చెయ్యెత్తాడు. "మేడం, నాకేం అభ్యంతరం లేదు. ఆ ఇద్దరినీ కలిపి ఓడియ్యాలనే నేను వచ్చింది. ఒక్కణ్ని ఓడిస్తే మా ఊర్లో నేను మొగం ఎట్ల చూపిచ్చేది?"

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని కోరుతున్నాను. నియమం ఎవరి మేలు కోసం ఉందో ఆ మనిషే అది వద్దంటున్నాడు. హాలు వద్దంటోంది. తీర్పు ఇవ్వగలిగిన అధికారి ఆ తీర్పును నాకు అప్పగించారు. నాకు అడ్డుగా ఉన్నది నా చేతిరాతలోని ఒక్క వాక్యం మాత్రమే.

నేను రెండు నిమిషాలు మాట్లాడాను. ఒకరి సమ్మతితో నియమం మారితే రేపు మరొకరి అసమ్మతితో మారుతుందని చెప్పాను. సానుభూతి న్యాయానికి ప్రత్యామ్నాయం కాదని చెప్పాను. ఇద్దరి బలాన్ని ఒక్కరి బలంతో తూచడం ఆ ఒక్కరికే కాదు, ఆ ఇద్దరికీ అవమానమని చెప్పాను. ఆ ప్రసంగం నాకు ఇప్పటికీ కంఠతా ఉంది. ఎన్నిసార్లు వెతికినా అందులో తప్పు వాక్యం దొరకదు. అందరూ చప్పట్లు కొట్టారు. మెకానిక్ పలకను చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

వెనక వరుస నుంచి బావ గొంతు వినిపించింది.

"ఆడబ్బీ. ఒక్కడివే ఆడు. ఏం కాదు."

బామ్మర్ది ఈసారి పక్కకు చూడలేదు. రెండో ఆట గెలిచాడు. మూడో ఆట అంతకంటే సునాయాసంగా గెలిచాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బావ.

అధికారి అందరి ఎదుటా అతన్ని అడిగారు. "పాత మిషన్ మంచిదా, కొత్తదా?"

"కొత్తదే సార్," అన్నాడు అతను.

ఆ రెండు మాటల కోసం నేను ఆరు నెలలు తిరిగాను. మామూ నా దగ్గరికి వచ్చి, రెండు మిషన్లు పంపమన్నాడు. ఆయన ముఖంలో సంతోషం లేదు.

"ఇద్దరు ఆడే ఆటకు ఒక్కడు చాలని చూపిచ్చినావు కదమ్మా. ఇంగ నేను మాత్రం ఏమనేది?"

మేడ కిటికీ నుంచి కిందికి చూశాను. బావ వీధి కొళాయి దగ్గర క్యారియర్ కడుగుతున్నాడు. బామ్మర్ది బహుమతి అట్టపెట్టె పట్టుకుని కాస్త దూరంగా నిలబడ్డాడు. తర్వాత ఇద్దరూ స్టేషన్ వైపు నడిచారు. పెట్టె పెద్దది. రెండు పక్కలా ఇద్దరు పట్టుకుంటే సుఖంగా ఉండేది. అతను ఒక్కడే మోశాడు.

మరునాడు నా ఉద్యోగం ఖాయమైంది. మా నాయన కాగితం రెండుసార్లు చదివి, మడిచి నాకిచ్చి, "చేసుకో" అన్నాడు. మెకానిక్ అదే ఉదయం పలక విప్పేసి, ఆ కర్రను రిపేరుకు వచ్చిన మరో పెట్టెకు బిగించాడు. నాతో ఏమీ అనలేదు. అనివుంటే జవాబు చెప్పేదాన్ని.

మూడు నెలల తర్వాత పని మీద ధర్మవరం వెళ్లాను. పార్లర్‌లో రెండు కొత్త మిషన్ల ముందు ఇద్దరు కూర్చుని ఎవరి తెర వాళ్లు చూసుకుంటున్నారు. వెనక నిలబడి అరిచేవాళ్లు లేరు. కొట్లాట ఆట పాత పెట్టె గుడ్డ కప్పి ఒక మూలకు నెట్టి ఉంది. "దుకాణం నడుస్తాంది. సద్దే లేదు," అన్నాడు మామూ. బావా బామ్మర్దుల గురించి అడిగితే, హిందూపురం పోయొచ్చినప్పటి నుంచి ఇద్దరూ ఈ గడప తొక్కలేదన్నాడు. దారి చెప్పించుకుని వాళ్లింటికి వెళ్లాను.

ఇద్దరూ మగ్గం మీద ఉన్నారు. పక్కపక్కనే. కాళ్లు గుంటలో, కళ్లు చీర మీద. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వెళుతోంది. పని బాగానే సాగుతోంది. బావ భార్య నాకు మజ్జిగ తెచ్చిచ్చి, గొంతు తగ్గించకుండానే అంది.

"మా ఇంట్లో ఇంత సద్దు లేకుండా ఎప్పుడూ లేదమ్మా. ముందు వీళ్ల నోళ్లు మూయిచ్చేదే నాకు పెద్ద పని. ఇప్పుడు కూరలో ఉప్పెక్కువైనా చెప్పేవాడు లేడు."

అటక మీద బహుమతి మిషన్ ఉంది. అట్టపెట్టెకు అంటించిన టేపు అలాగే ఉంది. నేను దాన్ని చూడడం బామ్మర్ది చూశాడు.

"ఎందుకు విప్పలేదు?" అని అడిగాను.

"ఏమో అక్కా," అన్నాడు. "గెల్చినా కదా, ఇంగేం ఆడాల?"

నాకు వచ్చిన వాక్యాలన్నీ వాదనకు పనికొచ్చేవే. క్షమాపణకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఎలాగో కూడగట్టుకుని, తప్పు నాదేనని, టీ కొట్టు దగ్గర నేనన్న మాటలు నిజం కావని, నియమం సడలించి ఉండాల్సిందని చెప్పాను. మీరిద్దరూ మళ్లీ పార్లర్‌కు వెళ్లి, ఆ పాత పెట్టె ముందు కూర్చోవాలని అడిగాను.

బావ మగ్గం ఆపాడు. కోపం లేదు. పోటీ రోజు నాకు సంజాయిషీ చెప్పినప్పటి మర్యాదే ఉంది.

"నువ్వు అబద్ధం ఏం చెప్పలేదు లేమ్మా. వాడు ఒక్కడే ఆడతాడు. నేనే చూసినా కదా. మళ్లీ ఆడొచ్చు, ఆడలేమని కాదు. అయితే ఇప్పుడు కూర్చుంటే నేను వాని చెయ్యి చూస్తా. వాడు నా చెయ్యి చూస్తాడు. ముందు చూసేవాళ్లం కాదు."

అంతే అన్నాడు. నాడె మళ్లీ కదిలింది. చాలాసేపు కూర్చున్నాను. ఆ గదిలో మగ్గం చప్పుడే తప్ప ఒక్క మాట వినిపించలేదు.

కొత్త మిషన్ పట్టుదలగల ఆటగాళ్లను గెలుచుకోగలదా అని అప్పట్లో పత్రికలు, కంపెనీలు తర్జనభర్జన పడేవి. నా అనుభవం మేరకు గెలుచుకోగలదు. మా మూడు ఊళ్లలోకెల్లా గట్టి ఆటగాణ్ని గెలుచుకుంది. అతను బహిరంగంగా ఒప్పుకున్నాడు, తర్వాత ఆడడం మానేశాడు. దీన్ని ఏ ఖాతాలో వేయాలో తేల్చుకోలేక ఆ ఏడాది చివర ఉద్యోగం వదిలేశాను. మా నాయన కారణం అడిగాడు. మొదటిసారి ఆయనకు సూటి జవాబు ఇవ్వలేకపోయాను.

మీలో చాలామంది రేపు ఏదో ఒక కొత్త వస్తువును, కొత్త పద్ధతిని, కొత్త నియమాన్ని చంకన పెట్టుకుని ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడతారు. మీ వస్తువు నిజంగానే మెరుగైనది కావచ్చు. మీ వాదనకు అవతలివాళ్ల దగ్గర జవాబు ఉండకపోవచ్చు. నేను మిమ్మల్ని కోరేది ఒక్కటే. నోరు తెరవకముందు ఒక పూట అక్కడ కూర్చోండి. పాతదాన్ని ఎలా వాడతారని అడగకండి, ఎవరితో కలిసి వాడతారని అడగండి. వాళ్లు చెప్పిన పేరు రాసుకోండి. ఆ మనిషిని కూడా పిలిపించి, ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, అప్పుడు మీ మాట మొదలుపెట్టండి.